ఐస్ ప్యాకులో నీళ్ల చప్పుడు

బాలన్న ఐస్ ప్యాకును చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. దాన్ని బల్ల మీద పెట్టి రెండోది తీసుకున్నాడు. అదీ రాయిలా మొండికేసింది. నాలుగు ప్యాకులూ డీప్ ఫ్రీజర్‌లోంచి బయటికొచ్చి పావుగంటయింది. వాటి నీలం ప్లాస్టిక్ మీద పట్టిన తెల్లటి మంచు ఇప్పుడిప్పుడే చెమటలా కారి, బల్ల మీద నాలుగు చిన్న మడుగులు కడుతోంది. ఇంకో పావుగంట పట్టొచ్చు, అరగంటయినా పట్టొచ్చు. ఎవరు తొందరపెట్టినా మంచు వినదు, బాలన్న అసలే వినడు.

"సిస్టర్ చెక్‌పోస్టు కాడి నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది బాలన్నా. ఆలస్యం అమృతం విషం అంటరు." టీకాల ఫ్రిజ్ పక్కన నిలబడి, రిజిస్టర్‌లో ఉష్ణోగ్రత రాస్తూ అంది ఫార్మసిస్ట్ గీత.

"నీళ్లు పలకాలె గదమ్మా."

"మంచు కొంచెం గట్టిగుంటే ఏమైతదో, నీకెన్నిసార్లు చెప్పాల్నో" అని దెప్పడానికి గీతకు అవకాశమే లేదు. ఆ పాఠం ఆమె కంటే అతనికే బాగా తెలుసు. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకు గడ్డను అలాగే టీకాల డబ్బాలో పెడితే, దాన్ని తాకిన టీకా సీసా కూడా గడ్డకడుతుంది. కొన్ని టీకాలు గడ్డకట్టి మళ్లీ కరిగితే చూడటానికి ఎప్పటిలాగే ఉంటాయి కానీ, వాటిలో సత్తువ ఉండదు. అందుకే ప్యాకును కాసేపు బయట ఉంచి, లోపల కాస్త నీరు ఊరి, ఊపితే గలగలమన్నాకనే సర్దాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. చెవి ఉంటే చాలు.

ఉప్పునుంతల దగ్గరి మెట్ట ఊరు అతనిది. నల్లమల అంచున ఉన్న ఈ దవాఖాన నుంచి చెంచు పెంటలకు, అంటే అడవిలోని చిన్న గూడేలకు, టీకాల డబ్బా చేరవేయడం పద్దెనిమిదేళ్లుగా అతని పని. యాభై ఎనిమిదేళ్ల సన్నటి మనిషి. కుడికాలు అందరి కాలులాంటిదే. ఎడమకాలు మాత్రం రెండేళ్ల వయసులో ఎదగడం మానేసింది. డబ్బా పట్టీ ఇన్నేళ్లూ ఒకే చోట ఒరుసుకుని, ఎడమ భుజం మీద వేలెడు వెడల్పు గాడి పడింది. చొక్కా విప్పితే ఆ గాడి నల్లగా మెరుస్తుంది. మనిషిని చూసి గుర్తుపట్టేవాళ్లు తక్కువ. డబ్బాను చూసి "బాలన్న వచ్చిండు" అనేవాళ్లే ఎక్కువ.

రెండేళ్ల వయసులో ఒక సాయంత్రం అతను కోడిపిల్ల వెంట పరుగెత్తాడట. రెండు రోజులు జ్వరం కాసి, మూడో రోజు లేచి నిలబడబోతే ఎడమకాలు కూలబడిపోయింది. ఈ మాట తల్లి బతికున్నన్నాళ్లూ చెప్పేది. పోలియో చుక్కలు వాళ్ల ఊరి దాకా రావడానికి ఆ తర్వాత ఒక పుష్కరం పైనే పట్టింది. ఈ పనిలో చేరిన మొదటి వారంలో బాలన్న ఆ చుక్కల సీసాను వెలుతురుకు అడ్డంగా పెట్టి చాలాసేపు చూశాడు. పిల్లవాడికి రెండు చుక్కలు. అరచేతిలో పడితే ఇట్టే ఆరిపోతాయి. తన కాలునూ ఒక ఊరంతటి మంది పిల్లల కాళ్లనూ కాపాడగల శక్తి అందులో పట్టిందంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు. ఏడుపు వస్తుందనుకున్నాడు, రాలేదు. గుండె నిండా ఆశ్చర్యమే నిండింది. అది ఈనాటికీ తగ్గలేదు.

"మా అశ్వినికి బళ్లె వ్యాసం రాయమన్నరట" అంది గీత, రిజిస్టర్ మూస్తూ. అశ్విని ఆమె కూతురు, తొమ్మిదో తరగతి. "మనిషికి మేలు చేసిన ఆవిష్కరణల్లో గొప్పది ఏంది అని. చక్రమని రాయాల్నా, కరెంటని రాయాల్నా అని నిన్నటి నుంచి నా పాణం తీస్తుంది. నువ్వు చెప్పు బాలన్నా."

బాలన్న ఊపుతున్న ప్యాకును ఆపాడు. ఇంత పెద్ద ప్రశ్న అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"సాయంత్రం చెప్త. జర ఆలోచించాలె."

అప్పుడే చేతిలోని ప్యాకు పలికింది. సన్నగా, కుండ అడుగున మిగిలిన నీళ్ల మాదిరిగా. తర్వాత రెండోది, మూడోది. నాలుగోదాని కోసం ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నాడు. నాలుగూ పలికాక వాటిని తుడిచి డబ్బా నాలుగు గోడలకూ ఆనించాడు. గీత ఇచ్చిన సీసాలను ఒక్కొక్కటే కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, కవరులో వేసి నడుమ పెట్టాడు.

అతను చూసేది సీసా మీది డబ్బీని. చిన్న గుండ్రటి మచ్చ, దాని మధ్యలో తెల్లటి నలుచదరపు గడి, దాన్నే వాళ్లు డబ్బీ అంటారు. టీకాకు వేడి తగిలేకొద్దీ ఆ తెలుపు నల్లబడుతూ పోతుంది. చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోయిందంటే ఆ సీసాను పారేయాలి. చదువు రానివాడికీ తెలుస్తుంది, చీకటి గుడిసెలోనూ తెలుస్తుంది. ఎక్కడో, ఎవరో కూర్చుని, ఎన్నడూ చూడని బాలన్న లాంటివాడు ఎండలో మోపెడ్ మీద పోతాడని ముందే ఊహించి, వాడి కోసం ఈ మచ్చ కనిపెట్టారు. ఆ మహానుభావుడి పేరేమిటని ఒకసారి డాక్టరమ్మను అడిగితే, "ఒక్కరు కాదు బాలన్నా, చాలామంది" అంది. అప్పటి నుంచి పొద్దున ఆ మచ్చను చూసేటప్పుడు, ఆ చాలామందికి లోలోపలే ఒక దండం పెట్టుకోవడం అలవాటైంది.

డబ్బా మూత బిగించి, పట్టీ ఎడమ భుజానికి వేసుకున్నాడు. భుజంలో ఏదో పీకినట్టయింది. పట్టీ ఒరుసుకుందనుకున్నాడు.

*

రెండు పక్కలా రెండు చిన్న చక్రాలు బిగించిన మోపెడ్ అతనిది. తారు రోడ్డు మీద పదహారు కిలోమీటర్లు, తర్వాత చెక్‌పోస్టు దాటి అడవిలో ఆరు. ఇవాళ వెళ్లాల్సింది ఈతపెంటకు. ఇరవై గుడిసెలు కూడా ఉండవు. ఏప్రిల్ చివర్లో తేనె కోసం ఆ కుటుంబాలన్నీ పిల్లాజెల్లతో లోపలి కొండలకు పోతాయి, పదిహేను రోజుల దాకా తిరిగిరావు. ఈసారి రెండు రోజులు ముందే కదులుతున్నారని నర్సు సుహాసిని నిన్న కబురు చేసింది. పక్క పెంటలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. ఈతపెంటలో ఆ టీకా పడాల్సిన పసిపిల్ల ఒకతి ఉంది, తొమ్మిది నెలలది. టీకా లేకుండా ఆ పిల్ల కొండల్లోకి పోతే, అక్కడ తట్టు పోస్తే, దవాఖాన మాట దేవుడెరుగు, మంచినీళ్లు కూడా దూరమే. "తొమ్మిదిన్నర దాకా ఆపుత బాలన్నా, అంతకు మించి నా మాట వినరు" అంది సుహాసిని.

ఆ పిల్ల నాగన్న కూతురు. నాగన్న తల్లి ఈదమ్మ. ఈదమ్మ ఎదురుపడితే బాలన్న డబ్బా సర్దే నెపంతో తల దించుకుంటాడు. ఎందుకో తర్వాత.

రోడ్డు పొడుగునా గీత అడిగిన ప్రశ్నే. చక్రం గొప్పదే, కాదన్నవాడికి కళ్లు పోతాయి. చక్రం లేకుంటే అతనికి ప్రపంచం ఇంటి గడప దాకానే. పంపుసెట్టు గొప్పదే, మెట్ట పొలానికి అదే గంగ. అగ్గిపుల్ల, సబ్బు, సూది, కళ్లద్దాలు. ఒకసారి వాడితే ఇంకొకరికి వాడకుండా పిడిని మళ్లీ వెనక్కి లాగనివ్వని సుహాసిని సిరంజి. లెక్కపెడుతూ పోతుంటే ఊళ్లు దాటిపోయాయి. తన ఒంటి మీది చొక్కా గుండీ కూడా ఎవరో ఒకరు కనిపెట్టిందే కదా అని తట్టి, ఒక చేత్తో గుండీని తడుముకుని నవ్వుకున్నాడు. ఇంతమంది ముక్కూ మొహం తెలియని వాళ్లు తన ఒక్కడి కోసం ఇంత కష్టపడ్డారా!

అడవిలో నాలుగో కిలోమీటరు దగ్గర ఎండిన వాగు దాటుతుండగా ఎడమ పక్కచక్రం రెండు రాళ్ల నడుమ ఇరుక్కుంది. బండి ముందుకు పోయింది, చక్రం వెనకే ఉండిపోయింది. ఇనుప కడ్డీ వంగి, బండి ఒక పక్కకు ఒరిగింది. బాలన్న డబ్బాను గుండెకు హత్తుకుని ఇసుకలో మెల్లగా పడ్డాడు. ముందు డబ్బాను చూసుకున్నాడు. దానికేం కాలేదు. తర్వాత మోచెయ్యి చూసుకున్నాడు. గీసుకుపోయింది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. టైము ఎనిమిదీ నలభై. ఇంకా రెండు కిలోమీటర్లు. కాళ్లు సరిగ్గా ఉన్నవాడికి అరగంట దారి. బాలన్న పొదలోంచి ఒక కర్ర విరుచుకుని, డబ్బా భుజానికి తగిలించుకుని నడవడం మొదలుపెట్టాడు.

నడుస్తుంటే ఆ పాత రోజు గుర్తుకు రాకుండా ఉండదు. చేరిన రెండో ఏడు, ఇదే దారి, ఇదే ఎండ. మంచు ఎంత ఎక్కువైతే టీకాకు అంత మంచిదని అతని నమ్మకం. ఎండలో ఇంత దూరం పోయేవాడు ఇంకేం అనుకుంటాడు? ఎవరూ చూడకుండా ఫ్రీజర్‌లోంచి గడ్డలను తీసినవి తీసినట్టే పెట్టి, సీసాలను వాటి నడుమ ఇరికించి, డబ్బా బిగించాడు. ఈతపెంటలో తెరిచి చూస్తే కోరింత దగ్గు టీకా గడ్డకట్టి ఉంది. అరచేతుల మధ్య పెట్టి వెచ్చచేసి కరిగించాడు. డబ్బీ చూశాడు, పాలలా తెల్లగా ఉంది. ఉండక మరి, అది వేడిని పట్టిస్తుంది కానీ చలిని పట్టించదు. అప్పటి సిస్టరమ్మకు గడ్డ సంగతి చెప్పలేదు. ఆమె ఏడుగురు పిల్లలకు ఆ టీకా వేసింది.

దవాఖానకు తిరిగొచ్చి, "ఎండలో గూడ గడ్డ గట్టించి తీస్కపోయిన" అని గొప్పగా చెప్పుకుంటే, అప్పటి ఫార్మసిస్ట్ ముఖం పాలిపోయింది. మర్నాడు మంచి టీకాలు పట్టుకుని పరుగెత్తారు. పెంట ఖాళీ. అందరూ తేనెకు వెళ్లిపోయారు. ఆ వానాకాలంలో ఈదమ్మ చిన్నబిడ్డ కోరింత దగ్గుతో చనిపోయింది. అతని వల్లనే అని ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. అతను అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మర్నాటి నుంచి ప్యాకును చెవి దగ్గర పెట్టుకోవడం మొదలైంది. పదహారేళ్లుగా ఒక్క పొద్దు కూడా తప్పలేదు.

భుజం నొప్పి ఎక్కువైంది. పట్టీని కుడి భుజానికి మార్చుకున్నాడు. ఆశ్చర్యం, నొప్పి మాత్రం ఎడమ పక్కనే ఉండిపోయింది. చేతిలోకి కూడా దిగింది. పొద్దున జంగమ్మ పెట్టిన జొన్నరొట్టె అరగలేదేమో, గాలి పట్టిందేమో అనుకున్నాడు. పెళ్లాం వంట మీద తోసేస్తే ఏ నొప్పయినా తేలిగ్గానే కనిపిస్తుంది. ఒక చెట్టు కింద ఆగి, చెమట తుడుచుకుని, డబ్బాకు చెవి ఆనించి కదిపాడు. లోపల నీళ్లు పలికాయి. గడ్డలు కూడా తగిలాయి. ఆ రెండు చప్పుళ్లూ కలిసి వినబడితే చాలు, టీకా క్షేమం. సరిగ్గా అక్కడే, ఆ చెట్టు కిందే, గీత ప్రశ్నకు జవాబు దొరికింది. అంత నొప్పిలోనూ అతనికి సంతోషం వేసింది.

*

ఈతపెంటకు చేరేసరికి తొమ్మిదీ నలభై. మూటలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. తాళ్ల చుట్టలు, డబ్బాలు, గొడ్డళ్లు, ఒక కుక్కపిల్ల. సుహాసిని బడి అరుగు మీద నిలబడి, ఎవరినీ కదలనివ్వకుండా అడ్డంగా చేతులు చాపి మాట్లాడుతోంది.

"నడిసొచ్చినవా?" అంది బాలన్నను చూసి. "బండేది?"

"వాగుల నిద్రపోతుంది. ముందు పిల్లను పట్టుకరా సిస్టరమ్మా."

సుహాసిని డబ్బా తెరిచి, ఒక ప్యాకును బయటికి తీసి అరుగు మీద పెట్టింది. టీకా సీసాలను నిలబెట్టడానికి దానిలోనే రెండు గుంటలుంటాయి. అలా కూడా ఆలోచించారు ఎవరో. సీసాలు చల్లగా అందులో నిలబడ్డాయి. ఆమె డబ్బీ చూసి తలూపింది. బాలన్న కూడా చూశాడు. తెల్లగానే ఉంది.

నాగన్న పెళ్లాం పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సూది దిగింది. పిల్ల ఒక్క క్షణం ఆగి, అడవంతా వినబడేలా ఏడ్చింది. ఆ ఏడుపు బాలన్న చెవికి ఎంతో హాయిగా ఉంది. తర్వాత ఇంకో ముగ్గురు. అంతా ఇరవై నిమిషాల పని.

అతను అరుగు చివర, నీడలో కూర్చున్నాడు. సుహాసినిని పిలిచి, "గీతమ్మకు చెప్పు" అన్నాడు. "అశ్విని వ్యాసంల ఇది రాయమను. ప్యాకు ఊపి, నీళ్ల చప్పుడు వినుడు. అన్నిట్ల గదే గొప్పది."

సుహాసిని నవ్వింది. "అది కూడ ఆవిష్కరణేనా? మార్కులు వేస్తరా?"

"వేయకుంటే వేయకపోనీ. తక్కినవన్ని తెలివి గలోళ్ల కోసం చేసిండ్రు. ఇది తప్పు చేసెటోని కోసం చేసిండ్రు."

సుహాసిని చీటీలు రాసుకోవడానికి అటు తిరిగింది. ఈదమ్మ సొరబుర్రలో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టి, పక్కనే గొంతుకూర్చుంది. నెరిసిన జుట్టు, మెడలో నల్లపూసలు, తేనెటీగలు కుట్టి కుట్టి మొద్దుబారిన చేతులు. బాలన్న రెండు గుక్కలు తాగాడు. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిన మాట ఇవాళ ఆగలేదు.

"ఈదమ్మా, నీ చిన్నబిడ్డకు ఆ యేడు వేసిన టీకా... గడ్డగట్టి చెడిపోయింది. నేనే చెడగొట్టిన. నాకు తెల్వక చేసిన. తెల్సినంక గూడ నీకు చెప్పలే."

ఈదమ్మ అతని వైపు చూడలేదు. ఎదురుగా ఏడుపు మానిన మనవరాలిని చూస్తూ ఉంది.

"నాకు తెల్సు" అంది. "గప్పుడు సూదేసిన సిస్టరే చెప్పింది."

బాలన్న సొరబుర్రను కింద పెట్టేశాడు.

"మొదట నీ మీద మస్తు కోపముండె. నువ్వొస్తే గుడిసెల నుంచి బయటికి రాకపోతుంటి. యాదికుందా? ఒకదినం తొంగి చూసిన. నువ్వు గా నీలం ప్యాకును చెవికాడ పెట్టుకోని వింటున్నవు. మల్లొచ్చినప్పుడు గట్లనే విన్నవు. గప్పుడు అనుకున్న, ఈ మనిషి నా బిడ్డ కోసమే వింటుండని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ తప్పో, ఆ యేటి వాన తప్పో నాకేం తెలుసు అన్నా. గని నువ్వు విన్నన్ని దినాలు ఈ పెంటల ఒక్క పిల్ల గూడ దగ్గుతోని పోలే."

బాలన్న తల వంచుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు అతని ప్రమేయం లేకుండానే కారాయి. పదహారేళ్లుగా మోస్తున్న బరువును ఎవరో రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. డబ్బా దింపాక కూడా ఇంత తేలిక అతనెప్పుడూ ఎరగడు.

"జర ఒరుగుత చెల్లె" అన్నాడు.

అరుగు స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఈదమ్మ సొరబుర్ర తీసుకుని లేచింది. మూటలు సర్దుతున్న వాళ్ల కేకలు, కుక్కపిల్ల అరుపు, పిల్లను ఊరడిస్తున్న నాగన్న పెళ్లాం గొంతు. సుహాసిని చీటీలు ముగించి, "పోదమా బాలన్నా, నా బండి మీద దింపుత" అంది. బదులు లేదు. మళ్లీ పిలిచింది. భుజం పట్టి కదిపింది. తర్వాత గబగబా అతన్ని నేల మీద పడుకోబెట్టి, రెండు చేతులతో గుండె మీద అదిమింది. చాలాసేపు అదిమింది. బండి నడపడం రాని నాగన్న చెక్‌పోస్టుకు పరుగెత్తాడు. సుహాసిని నుదుటి చెమట బాలన్న చొక్కా గుండీల మీద టపటపా రాలింది. చివరికి ఆమె నాడి చూసి, చేతులు తీసేసి, అలాగే కూర్చుండిపోయింది.

గంటకు అటవీ శాఖ జీపు వచ్చింది. నలుగురు మగవాళ్లు అతన్ని ఎత్తి పడుకోబెట్టారు. సుహాసిని మిగిలిన సీసాలను డబ్బాలో పెట్టి, మూత బిగించి, పట్టీ తన భుజానికే వేసుకుని ఎక్కింది. ఆ రోజు ఈతపెంట నుంచి ఎవరూ తేనెకు పోలేదు. జీపు చప్పుడు అడవిలో కలిసిపోయేదాకా అందరూ అక్కడే నిలబడ్డారు.

అందరూ గుడిసెలకు మళ్లాక, ఈదమ్మ అరుగు ఊడవడానికి వచ్చింది. హడావుడిలో సుహాసిని మరిచిపోయిన ప్యాకు అక్కడే ఉంది, కింద చిన్న మడుగు కట్టుకుని. ఈదమ్మ చీపురు పక్కన పెట్టి, దాన్ని రెండు చేతులతో తీసుకుంది. చల్లగా ఉంది. అతను పెట్టుకున్నట్టే చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. లోపల నీళ్లు పలికాయి, ఆ నీళ్లలో ఇంకా కరగని ఒక చిన్న మంచుముక్క ప్లాస్టిక్ గోడకు తగిలి టక్కుమంది.